హాఫ్ ఇంజన్ చెయ్యాలన్నారు: పాత కారులో టక్ టక్ శబ్దం, నా అనుభవం

మా కారు 2008 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. కంపెనీ పేరు అనవసరం, నేను చెప్పబోయేది ఆ వయసు పెట్రోల్ బళ్ళు చాలావాటికి పనికొస్తుంది. నాన్న కొన్నది, ఆయన డ్రైవింగ్ మానేశాక నా దగ్గరికి వచ్చింది. పదిహేనేళ్ళు నిండాక ఆర్‌సీ కూడా రెన్యూవల్ చేయించాం. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 కాస్తా 5,000 అయింది కదా, అది కట్టి, ఫిట్‌నెస్ చూపించి, ఇంకో అయిదేళ్ళకి కాగితం చేతికొచ్చాక బండి మీద మమకారం ఇంకాస్త పెరుగుతుంది. అలాంటి బండి పోయిన చలికాలంలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే టక్ టక్ టక్ అని కొట్టడం మొదలుపెట్టింది.

మొదటి స్టార్ట్‌లో బానెట్ దగ్గర నిలబడితే గట్టిగా, లోపల కూర్చుంటే కాస్త తగ్గి వినిపించేది. ఎక్సలరేటర్ నొక్కితే టక్కులు దగ్గర దగ్గరగా పడేవి. విజయవాడ పటమటలో ఇంటి దగ్గర బయల్దేరితే బెంజ్ సర్కిల్ దాటేలోపు సగం తగ్గి, గుంటూరు వైపు వారధి ఎక్కేసరికి దాదాపు మాయమయ్యేది. దానికి తోడు ఏసీ వేస్తే ఒక గురగుర. ఇవి చాలవన్నట్టు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కింద నుంచి ఎక్కడో గలగల. వినేవాళ్ళకి ఇవన్నీ కలిసి ఒకే పెద్ద రోగంలా ఉంటాయి. ఈ చిక్కు వల్లే ఇంజన్ దించేదాకా పోయింది మాట.

మొదట చూపించిన గ్యారేజీలో కుర్రాడు బానెట్ ఎత్తి, రెండు సార్లు రేజ్ చేసి, తల ఊపాడు. "రాడ్ కొడుతోంది సార్. కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోయినట్టున్నాయి. హాఫ్ ఇంజన్ చెయ్యాలి, ముప్పై అయిదు వేలు పెట్టుకోండి, దించాక ఇంకా ఏం తేలుతుందో అప్పుడు చెప్తాను" అన్నాడు. కనెక్టింగ్ రాడ్ అంటే పిస్టన్‌ని క్రాంక్‌కి, అంటే ఇంజన్‌లో తిరిగే ఇరుసుకి, కలిపే కడ్డీ. హాఫ్ ఇంజన్ అంటే ఇంజన్ విప్పి లోపల అరిగిన భాగాలు మార్చడం. అతను మోసం చేస్తున్నాడని నేననను. అలాంటి బళ్ళు వారానికి ఒకటైనా దించే మనిషికి టక్ టక్ వినగానే ముందు రాడే గుర్తొస్తుంది. కానీ పది సెకన్లు విని ముప్పై అయిదు వేల మాట చెప్పడం నాకు మింగుడు పడలేదు. బండిని ఇప్పుడు అమ్మినా లక్ష రాదు, అందులో మూడో వంతు ఒక ఊహ మీద పెట్టాలా?

రెండో చోట టాపెట్లు (సిలిండర్‌లోకి గాలిని రానిచ్చి, పొగని బయటికి పంపే వాల్వులని నొక్కే భాగాలు) లూజు అన్నారు. అది చవక పని, ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు చూడాల్సిందే, సరే అన్నాను. పాత ఇంజన్లలో చాలావాటికి వాల్వ్ క్లియరెన్స్ చేత్తో సరిచెయ్యాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ కవర్ తీసి, ఫీలర్ గేజ్ రేకుని రాకర్ ఆర్మ్‌కి, అది నొక్కే వాల్వ్ కాడ కొసకి మధ్య దూర్చి చూస్తారు. అక్కడ ఉండాల్సిన సందు మిల్లీమీటరులో అయిదో వంతో, ఆరో వంతో, బండిని బట్టి మాన్యువల్‌లో ఉంటుంది. మావాటిలో రెండు కొంచెం లూజుగా ఉన్నాయి, సరిచేశాడు. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే టక్ టక్ అలాగే ఉంది, వాల్వ్ కవర్ కింద వినిపించే చిన్న టిక టిక మాత్రం తగ్గింది. అంటే అదింకో శబ్దం అన్నమాట.

టాపెట్ల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి, ముఖ్యంగా గ్యాస్ కిట్ ఉన్న బళ్ళ వాళ్ళకి. టాపెట్ శబ్దం చేస్తే అందరూ కంగారు పడతారు గానీ కొంచెం లూజుగా ఉండి టికటికలాడే టాపెట్ వల్ల వెంటనే వచ్చే ముప్పు తక్కువ. అసలు భయపడాల్సింది టైటైన వాల్వ్‌కి. వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనుకునే అంచుని సీట్ అంటారు. ఆ సీట్ అరిగేకొద్దీ వాల్వ్ లోపలికి దిగి ఆ సందు పూడిపోతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోదు, మంట సీట్ అంచు మీంచే బయటికి పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. ఇదంతా జరిగేటప్పుడు ఇంజన్ ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది! సీఎన్‌జీ, ఎల్‌పీజీ మీద ఎక్కువ తిరిగే బళ్ళకి ఈ సీట్ అరుగుడు ఎక్కువ. కాబట్టి శబ్దం లేదు కదా అని క్లియరెన్స్ చూడకుండా వదిలేయకండి.

ఈలోగా సలహాలు. ఆఫీసులో ఒకాయన 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయించి, మీద ఒక డబ్బా ఏదో ఎడిటివ్ కలపమన్నాడు. చిక్కటి ఆయిల్ పోస్తే చాలా శబ్దాలు తగ్గుతాయి, నిజమే, కానీ రోగం తగ్గదు, రోగం ఎక్కడుందో చెప్పే ఆనవాలు పోతుంది. పాత బండి అమ్మేవాళ్ళలో కొందరు చేసే పని కూడా అదే. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొకాయన ఇదంతా ఇథనాల్ పెట్రోల్ వల్లే అన్నాడు. ఇథనాల్ వల్ల పాత రబ్బరు పైపులు, సీళ్ళు దెబ్బతింటాయంటే ఒప్పుకుంటాను. పెట్రోల్ నాణ్యత వల్ల వచ్చే శబ్దం మాత్రం వేరే రకం, అది మెకానిక్‌లు నాకింగ్ అనేది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పై గేర్లో ఉండి ఎక్సలరేటర్ నొక్కితే చిల్లర గిలకరించినట్టు వస్తుంది, న్యూట్రల్‌లో నిలబెట్టినప్పుడు రాదు. పైగా ఇథనాల్ ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) ఎక్కువ, దాంతో ఆ నాకింగ్ తగ్గాలి తప్ప పెరగకూడదు. మా శబ్దం నిలబెట్టిన బండిలో వస్తోంది, కాబట్టి ఆ వాదన అక్కడితో ఆగింది.

చవక స్కానర్ ఫోన్‌కి కలిపి చూద్దామంటే అదీ కుదరదు. మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి కార్లకి ఓబీడీ-2 (ఇంజన్ లోపాలని స్కానర్‌కి చెప్పే ఏర్పాటు) తప్పనిసరి, మాది అంతకు ముందుది, ఆ స్కానర్ దీంతో మాట్లాడనే మాట్లాడలేదు. ఇక చెవులే దిక్కు.

అన్నిటికంటే ముందు ఆయిల్ చూశాను. డిప్‌స్టిక్ మీద లెవెల్ సరిగ్గానే ఉంది. లెవెల్ తక్కువైనా ఇలాంటి శబ్దాలే వస్తాయి, అదొక్కటి చూడకుండా గ్యారేజీకి పరిగెత్తేవాళ్ళు ఎంతమందో. ఎలాగూ మార్చే టైమ్ దగ్గరపడింది కాబట్టి పాత ఆయిల్ దింపించి, చివర్లో వచ్చిన ఆయిల్‌ని తెల్లటి పాత పంచె ముక్కలో వడకట్టి ఎండలో పెట్టి చూశాను. రాడ్ బేరింగులు అరిగిపోతే ఆ గుడ్డ మీద వెండి రంగులోనో రాగి రంగులోనో మెరుపు కనిపించాలి. కొందరు అయస్కాంతం పెట్టి చూస్తారు, కానీ బేరింగు పైపూత ఎక్కువగా అల్యూమినియం, రాగి, తగరం లాంటి లోహాలు, అవి అయస్కాంతానికి అంటవు, కాబట్టి అయస్కాంతానికి ఏమీ అంటలేదంటే బేరింగులు బాగున్నట్టు కాదు. ఎండలో కళ్ళతో చూడాల్సిందే. మా గుడ్డ నల్లగా ఉంది, మెరుపు లేదు. మా ఆవిడ మాత్రం ఆ పంచె ముక్క చూసి "ఇంజన్‌కి పోస్ట్‌మార్టమా?" అంది.

ఆ తర్వాత శబ్దం ఏంటని అడగడం మానేసి ఎప్పుడొస్తుందో రాసుకోవడం మొదలుపెట్టాను. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? నిలబడినప్పుడా, లోడ్ మీదా? ఇంజన్ వేగంతో పాటు పెరుగుతుందా, బండి వేగంతోనా? (న్యూట్రల్‌లో దొర్లిస్తున్నప్పుడు కూడా అదే వేగంతో వస్తే అది చక్రాల వైపు, ఇంజన్‌ది కాదు.) ఏసీ వేస్తే ఏమవుతుంది, స్టీరింగ్ మొత్తం తిప్పితే ఏమవుతుంది, క్లచ్ తొక్కితే ఏమవుతుంది? క్లచ్ తొక్కినప్పుడు మొదలయ్యే శబ్దం రిలీజ్ బేరింగుది, తొక్కితే ఆగిపోయేది చాలాసార్లు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగుది. మాకు క్లచ్‌తో ఏ తేడా లేదు, స్టీరింగ్‌తో లేదు. ఇలా రాస్తుంటే కాగితం మీద మూడు వరసలు విడివిడిగా ఏర్పడ్డాయి: చల్లగా ఉన్నప్పుడే వచ్చే టక్ టక్, ఏసీతో పెరిగే గురగుర, ఒక్క ఐడ్లింగ్‌లోనే వచ్చి కొంచెం రేజ్ చెయ్యగానే పోయే గలగల. రోగం ఒకటి కాదు, మూడు.

గలగల సంగతి తొందరగానే తేలింది. ఐడ్లింగ్‌లో ఉండగా పొడుగాటి చీపురు కర్రతో కింద రేకులు ఒక్కొక్కటే మెల్లగా నొక్కుతూ పోతే సైలెన్సర్ పైపు మీదుండే హీట్ షీల్డ్ దగ్గర ఆగిపోయింది. దాన్ని పట్టి ఉంచే క్లిప్ తుప్పు పట్టి ఊడింది. హార్డ్‌వేర్ షాపులో దొరికే పెద్ద సైజు స్టీల్ హోస్ క్లిప్ ఒకటి చుట్టి బిగిస్తే అయిపోయింది. ఆ రేకు పీకి పారేయమని చెప్పేవాళ్ళున్నారు, వద్దు, పైన కార్పెట్, పక్కన పైపులు వేడికి పాడవకుండా ఉండటానికే దాన్ని పెట్టారు.

గురగురకి పొడుగు స్క్రూడ్రైవర్ వాడాను. మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గరి ఎముకకి ఆనిస్తే లోపలి శబ్దం నేరుగా తలలోకి వస్తుంది, డాక్టర్ స్టెతస్కోప్ పెట్టినట్టు. జాగ్రత్తలు: చొక్కా చేతులు మడవాలి, మెడలో ఏమీ వేలాడకూడదు, బెల్టులకి దూరంగా ఉండాలి. రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది, కొన్ని బళ్ళలో ఇంజన్ ఆపాక కూడా. ఆల్టర్నేటర్ మీద పెడితే సన్నటి ఊళ, అది మామూలే. వాటర్ పంపు వైపు ఏమీ లేదు. ఏసీ బెల్టు మధ్యలో ఉండే ఐడ్లర్ పుల్లీ (బెల్టుని బిగువుగా ఉంచే చిన్న చక్రం) బోల్టు మీద పెట్టేసరికి పిండిమర పక్కన నిలబడినట్టుంది. అయినా సరే నమ్మకం కుదరక ఇంజన్ ఆపి ఏసీ బెల్టు తీసేసి మళ్ళీ స్టార్ట్ చేశాను, గురగుర లేదు. ఆ బెల్టు మీద ఉండేవి రెండే, కంప్రెసర్, ఐడ్లర్. ఆపి రెండూ చేత్తో తిప్పితే కంప్రెసర్ పుల్లీ నున్నగా తిరిగింది, ఐడ్లర్ మాత్రం ఇసక పడ్డట్టు గరుకుగా ఆగి ఆగి తిరిగింది. మా బండిలో వాటర్ పంపు టైమింగ్ బెల్టు (ఇంజన్‌లో వాల్వులని నడిపే బెల్టు) మీద నడుస్తుంది, ఆల్టర్నేటర్‌కి వేరే బెల్టు ఉంది, అందుకే ఇలా తీసి నడపగలిగాను. బయటి బెల్టు మీదే వాటర్ పంపు నడిచే బళ్ళలో ఆ బెల్టు తీసి అర నిమిషం కంటే ఎక్కువ నడపకండి.

షోరూమ్‌లో పుల్లీ మొత్తం మార్చాలన్నారు, పైగా స్టాక్ లేదు. విజయవాడలో ఉన్నవాళ్ళకి ఆ బాధ లేదు, జవహర్ ఆటోనగర్ పక్కనే ఉంది. అక్కడ బేరింగుల షాపులో మీది ఏ కారు అని అడగరు, నంబర్ ఎంత అని అడుగుతారు. పాత బేరింగు రబ్బరు సీల్ మీద తుడిచి చూస్తే 6203 అని ఉంది. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12, ప్రపంచంలో ఎక్కడైనా అదే కొలత. రెండు పక్కలా రబ్బరు సీల్ ఉన్నది తీసుకుని, పక్కనే లేత్ షాపులో పాతది నొక్కించి తీయించి కొత్తది నొక్కించాను. మొత్తం నాలుగు వందల లోపే అయింది.

ఇక టక్ టక్. అందరూ రాడ్ అన్నది దీన్నే. రాడ్ బేరింగు శబ్దానికి ఒక స్వభావం ఉంది: ఇంజన్ వేడెక్కి ఆయిల్ పల్చబడేకొద్దీ అది పెరుగుతుంది, లోడ్ మీద ఇంకా పెరుగుతుంది, లోతుగా దబ్ దబ్ అన్నట్టుంటుంది. మాది దానికి పూర్తిగా రివర్సు, చల్లగా ఉంటేనే వస్తుంది, వేడెక్కితే పోతుంది, పైగా పలచటి శబ్దం. చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడికి తగ్గేవి రెండు. ఒకటి పిస్టన్ స్లాప్, అరిగిన బోరులో పిస్టన్ అటూ ఇటూ గోడకి కొట్టుకోవడం, వేడెక్కితే పిస్టన్ సాగి ఆ సందు తగ్గుతుంది. రెండోది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగని సైలెన్సర్ వైపు తీసుకెళ్ళే గొట్టాల భాగం) దగ్గర గ్యాస్ లీక్, వేడికి ఇనుము సాగి ఆ సందు మూసుకుంటుంది.

ఒక సాయంత్రం ఫోన్‌తో బానెట్ దగ్గర వీడియో తీసి, వేగం తగ్గించి టక్కులు లెక్కపెట్టాను. లెక్క ఏంటంటే, ఐడ్లింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతుంది అనుకుంటే క్రాంక్ సెకనుకి పదమూడు సార్లు తిరిగినట్టు. వాల్వులు, ఒక్కో సిలిండర్ పేలడం, ఎగ్జాస్ట్ వదలడం, ఇవన్నీ క్రాంక్ రెండు చుట్లకి ఒకసారి, అంటే సెకనుకి ఆరో ఏడో. మావి సెకనుకి ఆరేడు మధ్యే పడ్డాయి. అంటే ఒకే సిలిండర్, రెండు చుట్లకి ఒకసారి. దీన్ని బట్టే రాడ్ కాదని తేల్చేయడానికి లేదు, రాడ్ కూడా కొన్నిసార్లు పేలుడు పిస్టన్‌ని తోసే పవర్ స్ట్రోక్‌లో మాత్రమే గట్టిగా కొట్టి అదే లెక్కకి వస్తుంది. ఫోన్ రికార్డింగ్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, అది గట్టి శబ్దాన్ని తగ్గించి, చిన్నదాన్ని పెంచి అన్నీ ఒక్క స్థాయికి తెస్తుంది. కాబట్టి లెక్కపెట్టడానికి పనికొస్తుంది తప్ప ఎంత గట్టిగా ఉందో పోల్చడానికి పనికిరాదు.

ఏ సిలిండరో తెలియడానికి ఒక్కోదాన్ని ఆపి చూడాలి. పాతకాలం మెకానిక్‌లు నడుస్తున్న ఇంజన్ మీదే ప్లగ్ వైరు లాగేస్తారు. అది వద్దు, గట్టిగా షాక్ కొడుతుంది, పైగా కాలని పెట్రోల్ సైలెన్సర్‌లో పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడుస్తుంది. ఇంజన్ ఆపి, ఇంజెక్టర్ కనెక్టర్ తీసి, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఆ సిలిండర్‌కి పెట్రోలే రాదు కాబట్టి ఆ గొడవ లేదు. ఒకటి, రెండు, మూడు తీసినప్పుడు ఇంజన్ మిస్సింగ్ కొడుతూ ఊగింది గానీ టక్ టక్ అలాగే ఉంది. నాలుగోది, గేర్‌బాక్స్ వైపుది, తీశాక టక్ టక్ పూర్తిగా ఆగింది. ఇంజన్ ఊగుతోంది, శబ్దం లేదు. టాపెట్ శబ్దమైతే ఇలా ఆగదు, పెట్రోల్ ఉన్నా లేకపోయినా వాల్వ్ కొట్టుకుంటూనే ఉంటుంది. కాబట్టి నాలుగో సిలిండర్లో పిస్టన్ స్లాప్, లేదా నాలుగో పోర్టు (ఆ సిలిండర్ పొగ మానిఫోల్డ్‌లోకి వచ్చే రంధ్రం) దగ్గర ఎగ్జాస్ట్ లీక్.

స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే బ్లాక్ మీద నాలుగో సిలిండర్ దగ్గర పెద్దగా ఏమీ లేదు. వెంటనే గుర్తొచ్చింది, ఇనుములోంచి వచ్చే శబ్దానికి స్క్రూడ్రైవర్, గాలిలోంచి వచ్చేదానికి గొట్టం. మీటరు పొడుగు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస మానిఫోల్డ్ అంచు వెంబడి నెమ్మదిగా కదిపాను (వేడెక్కకముందే, రెండు నిమిషాల్లో ముగించాలి). నాలుగో పోర్టు కింద మూల దగ్గరికి రాగానే చెవిలో టప్ టప్ టప్ అని గాలి కొట్టింది. చెవి అదిరింది.

అప్పటికి నాకు నమ్మకం కుదిరింది గానీ ఇంజన్ దించమన్నవాళ్ళకి చూపించడానికి కంటికి కనబడే రుజువు కావాలనిపించింది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, వాక్యూమ్ క్లీనర్ గాలి బయటికి ఊదే వైపు గొట్టం సైలెన్సర్ చివర పెట్టి గుడ్డ చుట్టి, మానిఫోల్డ్ జాయింట్ మీద సబ్బు నీళ్ళు స్ప్రే చేశాను. నాలుగో పోర్టు మూల బుడగలు బుడగలుగా పొంగింది. టార్చి వేసి చూస్తే అక్కడే సిలిండర్ హెడ్ మీద నల్లటి మసి చార, దాని పక్కన స్టడ్ (మానిఫోల్డ్‌ని హెడ్‌కి బిగించే మర కడ్డీ) ఉండాల్సిన చోట నట్టూ లేదు, స్టడ్ కొసా లేదు. విరిగిపోయింది. మానిఫోల్డ్ పోత ఇనుము, సిలిండర్ హెడ్ అల్యూమినియం, రెండూ వేడికి ఒకేలా సాగవు, ఏళ్ళ తరబడి ఆ సాగుడు, కుంగుడులో ఎక్కువ దెబ్బ తినేది చివరి స్టడ్‌లే, అంటే ఒకటో పోర్టు బయట వైపుది గానీ నాలుగోది గానీ.

ఈ లీక్‌తో ఇంకో పాత ప్రశ్నకి కూడా జవాబు దొరికింది. కొన్ని నెలలుగా బండి మైలేజీ లీటరుకి దాదాపు రెండు కిలోమీటర్ల మేర తగ్గిపోయింది, ఎయిర్ ఫిల్టర్ మార్చినా లాభం లేకపోయింది. ఆక్సిజన్ సెన్సర్ మానిఫోల్డ్ కింద ఉంటుంది. దానికి ముందు లీక్ ఉంటే, పేలుడుకీ పేలుడుకీ మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది, పెట్రోల్ తక్కువైందని కంప్యూటర్ ఇంకొంచెం పోస్తుంది. శబ్దం ఒక్కటే అయితే చెవులు మూసుకుని తిరిగేవాణ్ణేమో, ఇది నెలనెలా జేబుకి చిల్లు. అంతకంటే ముఖ్యం, ఎగ్జాస్ట్ లీక్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, రంగు, వాసన లేని విషం, ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు సందుల్లోంచో ఏసీ గాలితోనో లోపలికి రావచ్చు. మూసిన షెడ్‌లో ఇంజన్ నడిపి ఇవన్నీ వెతక్కండి, నేను చేసినవన్నీ ఇంటి ముందు ఆరుబయటే.

హెడ్‌లో విరిగిన స్టడ్ తీయడం ఇంట్లో చేసే పని కాదు. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు చేసే ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు, మా నాన్న కాలం నుంచి తెలుసు, బాబాయ్ అని పిలుస్తాను. వీడియో చూపించి "రాడ్ అంటున్నారు బాబాయ్, నేనైతే స్టడ్ అంటున్నా" అంటే ఆయన వీడియో చూడనే లేదు. "బండి రాత్రికి ఇక్కడ వదిలెయ్, పొద్దున్న చల్లటి ఇంజన్ మీద నేను వింటా. వేడి ఇంజన్ అబద్ధాలు చెప్తుంది" అన్నాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి ముందుగా ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో మీటర్ బిగించాడు. నాకు ఇది నచ్చింది. డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర ఆయిల్ లైటు ప్రెషర్ దాదాపు అడుగంటాకే వెలుగుతుంది, అది ఆరిపోయి ఉంది కాబట్టి అంతా బాగుందనుకోవడానికి లేదు. వేడెక్కాక ఐడ్లింగ్‌లో 18 పీఎస్‌ఐ, 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర 50 దాటింది. వెయ్యి ఆర్‌పీఎమ్‌కి పది పీఎస్‌ఐ ఉంటే చాలని పాత లెక్క. "బేరింగులు ఊడితే ఈ ముల్లు ఇక్కడ నిలబడదు అబ్బాయ్. దించమన్నది ఎవడు?" అన్నాడు. పేరు చెప్పలేదు నేను.

మానిఫోల్డ్ విప్పితే స్టడ్ లోపలికే విరిగి ఉంది, హెడ్ అంచు కన్నా ఒక నూలు లోపలికి. డ్రిల్ వేస్తే సెంటర్ తప్పి అల్యూమినియంలో మరచుట్లు పాడవుతాయని, విరిగిన ముక్క మీద వెల్డింగ్‌తో మెల్లగా పోత పోసి పైకి తెచ్చి, దాని మీద నట్టు పెట్టి మళ్ళీ అంటించాడు. ఆ వెల్డింగ్ వేడికే ముక్క పట్టు వదులుతుందట, నట్టు కొంచెం చల్లారనిచ్చి స్పానర్ వేసి అటూ ఇటూ ఊపుతూ తీశాడు. మొదటిసారి నట్టే ఊడొచ్చింది. కుర్రాళ్ళు ఇద్దరు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, ఆయన మాత్రం టీ తెప్పించుకుని తాగాడు. రెండోసారి ముక్క కిర్రుమంటూ బయటికి వచ్చింది. మరచుట్లు బాగానే ఉన్నాయి. మానిఫోల్డ్ మొహం మీద స్కేల్ పెట్టి చూస్తే కాస్త వంగి ఉంది, పక్కన మిషన్ షాపులో చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ (జాయింట్ లీకవకుండా మధ్యలో పెట్టే పొర), అన్ని స్టడ్‌లూ కొత్తవి వేయించాం. పాత గ్యాస్కెట్ మళ్ళీ వాడితే నెలలోపు మళ్ళీ వస్తావు అన్నాడు. నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు కొసలకీ బిగించుకుంటూ వెళ్ళాడు, ముందు సగం బిగువు, తర్వాత పూర్తిగా. సామాన్లు, మిషన్ షాపు, కూలి అన్నీ కలిపి మూడు వేల అయిదు వందలకి కాస్త తక్కువ అయింది.

టక్ టక్ పోయింది. మైలేజీ రెండు ట్యాంకులు తిరిగేసరికి దాదాపు పాత లెక్కకి వచ్చింది. మొదటి గ్యారేజీకి వెళ్ళి గొడవ పడమన్నారు కొందరు, నాకు ఆ సరదా లేదు. అతను డబ్బు తీసుకోలేదు, ఒక మాట చెప్పాడంతే. నేనడిగేదొక్కటే, ముప్పై వేల మాట చెప్పే ముందు చల్లటి ఇంజన్ మీద వినండి, ఆయిల్ ప్రెషర్ మీటర్ పెట్టండి, పావుగంట పని. అది చేయకుండా దించాలి అన్న ఏ గ్యారేజీకీ మీ బండి తాళం ఇవ్వకండి.

ఇప్పటికీ చలి పొద్దుల్లో స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం కొంచెం డబడబ ఉంటుంది. అది మాత్రం పిస్టన్ స్లాపే, ఇన్ని కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌కి ఉంటుంది, ఆయిల్ తాగట్లేదు, పొగ లేదు, కాబట్టి వదిలేశాను. నాకు ఇంకా టెన్షన్ ఉన్నది టైమింగ్ బెల్టు గురించి. అది ఏ శబ్దమూ చేయకుండా తెగుతుంది, కొన్ని ఇంజన్లలో తెగితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి, అప్పుడు నిజంగానే ఇంజన్ విప్పాలి. పోయినసారి ఎప్పుడు మార్చారో నాన్న బిల్లుల్లో దొరకలేదు. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మూడూ ఒకేసారి మార్చేద్దాం, పండగ వెళ్ళాక తీసుకురా అన్నాడు బాబాయ్.